హలోగారి రూటరు

ఆ వీధిలో అందరూ ఆమెను హలోగారు అనేవాళ్లు. పేరు తెలియక కాదు. బట్టలుతికే మెషిన్లు తయారుచేసే ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులు ఫోన్లో వినడం ఆమె ఉద్యోగం. పదమూడేళ్లుగా రోజుకు ఎనభై తొంభైసార్లు అనీ అనీ ఆ మాట నాలుకకు అంటుకుపోయింది. ఇంటి తలుపు ఎవరైనా తడితే "హలో, చెప్పండి" అంటూ గడియ తీసేది. ఒకసారి సందు మలుపులో కుక్క ఎదురొస్తే దానితో కూడా "హలో" అన్నదని ఎదురింటావిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నవ్వితే నవ్వారు గానీ, ఆ పనిలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు లేరు. ఫోన్ చేసేవాళ్లలో సగంమంది తిట్టడానికే చేస్తారు. వాళ్ల కోపం మెషిన్ మీద, పడేది ముందు దొరికిన మనిషి మీద. ఆమె వాళ్లను అలిసిపోయేదాకా తిట్టనిచ్చేది. మధ్యలో అడ్డొచ్చేది కాదు. చివర్లో "మీరన్నది నిజమేనండి, మీ చోట నేనున్నా ఇలాగే అనేదాన్ని" అనేది. ఆ ఒక్క మాటతో అవతలి గొంతు దిగొచ్చేది. కొత్తగా చేరిన ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది: "వాళ్లు గొంతు పెంచితే నువ్వు తగ్గించు. ఎట్టి పరిస్థితిలోనూ పెంచకూడదు. పెంచావా, ఆ కాల్ నీ చేతిలో లేనట్టే." అలా నేర్చుకున్న పిల్లల్లో ఒకమ్మాయి తర్వాత టీమ్ లీడర్ అయింది. హలోగారు మాత్రం ఆ హెడ్‌సెట్ దగ్గరే ఉండిపోయింది. అందుకు పెద్దగా బాధపడిందీ లేదు.

ఒక సోమవారం కంపెనీవాళ్లు అందరినీ నిలబెట్టి, ఈ హాలు ఖాళీ చేస్తున్నాం, నెలాఖరు నుంచి ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని పనిచేయాలి అన్నారు. కంప్యూటరు, హెడ్‌సెట్ కంపెనీవి. ఇంటర్నెట్ మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. ఒక కాగితం కూడా ఇచ్చారు. ఒక షిఫ్టులో మూడుసార్లు లైను తెగితే ఒక తప్పు. నెలలో ఆరు తప్పులైతే ఉద్యోగం ఉంచడమా తీయడమా అన్నది కంపెనీ ఇష్టం.

ఇంటి నుంచి పని అనగానే పక్క సీట్లావిడ ఎగిరి గంతేసింది, బస్సు బాధ తప్పిందని. హలోగారు మాత్రం ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఎందుకంటే ఆమెకు తన ఇల్లు తెలుసు.

ఆ ఇంట్లో గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు హాలు, హాలు పక్కన మరిది గది. హాలు వెనక పడకగది, దాని వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని పాత సామాన్ల గది. అన్నీ పాతకాలపు గోడలు, మూరెడు మందం. ఇంటర్నెట్ తీగ వీధిలోంచి హాల్లోకి వచ్చి అక్కడితో ఆగిపోతుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఊరికే ఇచ్చిన, ఒకే యాంటెన్నా ఉన్న ఒంటి చెవి రూటరు డబ్బా ఒకటి టీవీ పక్కన ఉంటుంది. హాల్లో పగలంతా అత్తగారి టీవీ. మరిది తన గదిలో కూర్చుని ఆటలాడుతూ, ఆ ఆటను వీడియోలు తీసి లోకానికి చూపిస్తుంటాడు. అదే పనిగా పెట్టుకుని మూడేళ్లయింది. "వాడి టైమ్ రావాలి" అంటుంది అత్తగారు. ఇక ఆమె కూర్చోవడానికి మిగిలింది సామాన్ల గదే. ఫోన్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి చూస్తే సిగ్నల్ గీతలు ఒకటి ఉండి, ఒకటి పోయి, దీపం వత్తిలా కొట్టుకుంటున్నాయి.

భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్లు కారును తీసుకెళ్లి గోడకు గుద్దినా "ఏం పర్లేదమ్మా, మళ్లీ చేద్దాం" అనే మనిషని ఊళ్లో పేరు. ఆ ఓర్పంతా సాయంత్రానికి అక్కడే ఖర్చయిపోయేది.

"ఏమండీ, మంచి రూటరు ఒకటి కొనాలి. ఆఫీసు పని ఇంట్లోంచే ఇక" అని ఆమె చెప్పినప్పుడు ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "తమ్ముణ్ణి అడుగు. వాడికే తెలుస్తాయి అవన్నీ" అన్నాడు.

మరిది ఆమెను వెంటబెట్టుకుని పెద్ద బజారులో అద్దాల షోరూముకు తీసుకెళ్లాడు. అక్కడ సేల్స్‌మన్ ఎనిమిది యాంటెన్నాలున్న నల్లటి డబ్బా ఒకటి తీసి, బల్లమీద వెల్లకిలా పడేసిన ఎండ్రకాయలా పెట్టాడు. చుట్టూ ఎర్ర లైట్లు.

"దీనికి తిరుగులేదు మేడమ్. ఎన్ని ఫోన్లున్నా, ఎన్ని గోడలున్నా చీల్చుకుపోతుంది."

"మావి మూరెడు గోడలండీ."

"అయినా సరే మేడమ్."

"పని చేయకపోతే తిరిగి తీసుకుంటారా?"

సేల్స్‌మన్ మరిది ముఖం చూశాడు. మరిది, "అబ్బా వదినా, అలాంటివి అడక్కూడదు. ఇది కొనేద్దాం" అన్నాడు. దాని ధర ఆమె జీతంలో సగానికి పైనే ఉంది. కూతురు హాస్టల్లో ఉండి చదువుతోంది, ఆ ఖర్చు ఈ జీతంలోంచే పోవాలి. "ఆలోచించుకుని వస్తాం" అని ఆమె బయటికి నడిచింది. మరిది మొహం ముడుచుకుని ముందు నడిచాడు.

ఆలోచించుకుంటాను అని తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే ఆలోచించింది. వారం రోజులు మధ్యాహ్నం భోజనాల టైములో ఫోన్లో అవీ ఇవీ చదివింది. కొనుక్కున్నవాళ్లు రాసిన అభిప్రాయాల్లో పొగడ్తలు వదిలేసి తిట్లు మాత్రం చదివింది. ఏ తిట్టులో నిజముందో, ఏది వట్టి ఉక్రోషమో పసిగట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అర్థమైనంత వరకూ ఒక చీటీ మీద రాసుకుని, ఆఫీసు వెనక సందులో ఉన్న రిపేరు షాపుకు వెళ్లింది.

అది షాపు అనడం కన్నా అలమర అనొచ్చు. ఆ మెకానిక్ యాభై దాటినవాడు, నుదుటి మీద భూతద్దం పెట్టుకుని ఉంటాడు. చీటీ చూసి పక్కన పెట్టి, ముందు ఆమెనే ప్రశ్నలడిగాడు. ఇల్లు ఎంత, గోడలు ఇటుకా రాయా, తీగ ఎక్కడికొచ్చింది, మీరెక్కడ కూర్చుంటారు, ఇంట్లో ఎవరెవరు ఏమేం వాడతారు. ఆమెకు నవ్వొచ్చింది. తను రోజూ అడిగే పద్ధతే అది.

"చూడమ్మా," అన్నాడు చివరికి. "మీ ఇంటికొచ్చే నీళ్లే సన్నటి ధార. దానికి ఎంత పెద్ద కుళాయి బిగిస్తే మాత్రం ఏం లాభం? ఎనిమిది చెవులదేం వద్దు మీకు. ఇదిగో, ఇది చాలు. రెండు రకాల సిగ్నలూ ఇస్తుంది. ఒకటి దూరం పోతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ ఆ దారిలోనే ఉంటారు, సంతలా ఉంటుంది. రెండోది వేగం, కాకపోతే మీ గోడ చూడగానే చతికిలపడుతుంది."

"మరి నా గదిలోకి ఏదీ రాదన్నమాట."

"గాల్లో రాదు. తీగలో వస్తుంది." ఆయన ఒక నీలం రంగు కేబుల్ చుట్ట తీసి బల్లమీద పెట్టాడు. "దీన్ని రూటర్లోంచి నేరుగా మీ కంప్యూటర్‌కి పెట్టండి. గోడల్లేవు, సంత లేదు. మీ కాల్ తెగదు. హాలుకీ పడకగదికీ మధ్య గోడలో ఒక కన్నం, పెన్సిలంత. అక్కణ్ణించి గోడ పైఅంచున పోతుంది, వంటింట్లోకి వెంటిలేటర్ ఉందన్నారుగా. అంతే పని."

రూటరూ కేబులూ కలిపి షోరూము డబ్బా ధరలో ఐదో వంతు కూడా కాలేదు. ఆమె ఆ రోజు బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని, ఎన్నాళ్లకో ఒక పని తనంతట తాను తెలుసుకుని చేసిన సంతోషంతో కూర్చుంది.

ఇంట్లో ఆ సంతోషం కాసేపు కూడా నిలవలేదు. మరిది ఆ తెల్ల డబ్బాను రెండు వేళ్లతో ఎత్తి చూసి, "సబ్బుపెట్టెలా ఉంది వదినా" అన్నాడు. అత్తగారు నవ్వింది. భర్త కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. అయినా ఆ సబ్బుపెట్టె పెట్టాక హాల్లో టీవీ, మరిది ఆటలు బ్రహ్మాండంగా నడిచాయి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

ఆదివారం ఆమె మెకానిక్‌ను ఇంటికి పిలిపించింది. ఆయన డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి హాల్లోకి వచ్చి గోడ మీద వేలితో తట్టి చూస్తున్నాడు. భర్త లోపలి నుంచి వచ్చాడు.

"ఎవరీయన?"

"కేబుల్‌కి కన్నం పెడతారండి. చిన్నదే."

"గోడకి కన్నమా? రంగులు వేయించి ఏడాది కూడా కాలేదు."

"పెన్సిలంతే సార్," అన్నాడు మెకానిక్. "చుట్టూ తెల్ల సిమెంటుతో మూసేస్తాను. రెండు నిమిషాల పని. కనబడను కూడా కనబడదు."

"మీకు రెండు నిమిషాలు. తర్వాత నెర్రెలిస్తే ఎవరు చూస్తారు? మా ఇంట్లో వైఫై ఉందిగా. లోకమంతా వైఫైతో బతకట్లేదా? ఈవిడకొక్కదానికే తీగ కావాలా?"

"ఏమండీ, ఆఫీసు కాగితంలోనే రాశారు, తీగ అయితే మంచిదని..."

"నువ్వాగు." గట్టిగా కూడా అనలేదు. కారు నేర్పేటప్పుడు ఆయన కాళ్ల కింద ఒక బ్రేకు ఉంటుంది, అవతలివాళ్లు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఆగిపోయేలా. అలా ఉంది ఆ మాట.

అత్తగారు టీవీ సౌండ్ కొంచెం తగ్గించింది, వినడానికి. మెకానిక్ తల వంచుకుని డ్రిల్లింగ్ మెషిన్ తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్లి, వచ్చిన ఖర్చులకైనా తీసుకోమంటే ఆయన వద్దన్నాడు. "పని చేయలేదు కదమ్మా. మీరెప్పుడు చెప్తే అప్పుడొస్తాను" అన్నాడు. పరాయి మనిషి ముందు జరిగిన ఆ అవమానం కన్నా, ఆయన జాలిగా మాట్లాడిన ఆ రెండు ముక్కలే ఆమెకు ఎక్కువ గుచ్చుకున్నాయి.

ఇక కేబుల్ నేల మీద పాకింది. హాల్లోంచి తలుపు సందులోంచి పడకగదిలోకి, అక్కణ్ణించి వంటింట్లోకి, వంటింట్లోంచి సామాన్ల గదిలోకి. పది రోజులు దివ్యంగా నడిచింది. ఒక్క కాల్ తెగలేదు. పాత సూట్‌కేసులకూ విరిగిన ఫ్యానుకూ మధ్య ఒక మడత బల్ల వేసుకుని, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె హాయిగా మనుషుల కోపాలు విన్నది.

పదకొండో రోజు అత్తగారి కాలికి ఆ తీగ తగిలింది. పడలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. కానీ ఆ రోజు సాయంత్రానికి ఇంట్లో జరిగిన చర్చ ప్రకారం ఆవిడ పడిపోయినట్టే, తుంటి ఎముక విరిగినట్టే.

"నన్ను మంచాన పడెయ్యాలనే వేశావా ఏంటి ఈ ఉచ్చు?"

"అయ్యో అత్తయ్యా, రేపు చాప కింద నుంచి వేస్తాను. టేపు వేసి అతికిస్తాను."

"ఏం అక్కర్లేదు. తీసేయ్," అన్నాడు భర్త.

మర్నాడు ఆమె లేచేసరికే మరిది కేబుల్ పీకి చుట్ట చుట్టి ఆమె బల్లమీద పెట్టాడు. చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు కూడా వేశాడు.

అప్పటి నుంచి తిప్పలు మొదలయ్యాయి. సామాన్ల గదిలో మూడు నిమిషాలకోసారి కాల్ తెగేది. రెండు రోజుల్లో రెండు తప్పులు పడ్డాయి. సరేనని బల్ల మోసుకొచ్చి హాల్లో, రూటరు పక్కనే, గోడ మూల వేసుకుంది. లైను గట్టిగానే ఉంది. కానీ అక్కడ టీవీ ఉంది. సీరియల్లో కోడలు ఏడుస్తుంటే ఇవతల ఆమె "మెషిన్ తిరుగుతోందా సార్, నీళ్లు దిగట్లేదా?" అని అడుగుతోంది. ఫోన్ చేసినాయన, "ఏమ్మా, మా మెషిన్ పాడై మేం ఏడుస్తుంటే నువ్వు సీరియల్ చూస్తూ మాట్లాడుతున్నావా?" అన్నాడు. అది రికార్డయింది. పదమూడేళ్లలో ఆమె మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అది.

టీమ్ లీడర్ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఏంటక్కా ఇది? నువ్వే ఇలా చేస్తే మిగతావాళ్లకి నేనేం చెప్పను?"

"కొంచెం సర్దుకోనియ్యమ్మా. ఈ వారంలో ఏదో ఒకటి చేస్తాను."

"నా చేతుల్లో లేదక్కా. తప్పులు వేసేది నేను కాదు, కంప్యూటరే వేసుకుంటుంది."

అత్తగారిని బతిమాలి చూసింది. "ఎనిమిది గంటలు నోరు మూసుకుని కూర్చోమంటావా నా ఇంట్లో నన్ను?" అంది ఆవిడ. సౌండ్ కొంచెం తగ్గించమన్నానే గానీ నోరు మూసుకోమనలేదని ఆమె అనబోయి మానుకుంది. బల్ల మళ్లీ సామాన్ల గదికి వెళ్లింది, తప్పులు ఒక్కొక్కటే పెరిగి ఐదుకు చేరాయి. మరిదిని బతిమాలింది. ఉదయం పూట ఆటలు ఆపమని అడగలేదు, పెద్ద పెద్ద డౌన్‌లోడ్‌లు మాత్రం రెండు తర్వాత పెట్టుకోమని అడిగింది. "సరే వదినా" అన్నాడు. అతనికి అన్నిటికీ సరే అనడం అలవాటు.

ఆ నెల ఇరవై మూడో తేదీన, ఉదయం పది దాటాక, ఒక ముసలాయన ఫోన్ చేశాడు. తిట్టలేదు. చాలా మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడాడు. మెషిన్లోంచి నీళ్లు కారి బాత్రూమ్ అంతా నిండిందట. మూత ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందట.

ఆమె వెన్ను నిటారయింది. "సార్, మీరిప్పుడు ఎక్కడున్నారు?"

"బాత్రూమ్‌లోనేనమ్మా. ఫోన్ చేతిలో ఉంది. నీళ్లు తుడుద్దామని..."

"తుడవొద్దు సార్. ముందు బయటికి వచ్చేయండి. కాళ్లకి చెప్పులున్నాయా?"

"లేవు. మా ఆవిడ కూడా ఇక్కడే ఉంది, గుడ్డ పట్టుకుని..."

"ఇద్దరూ బయటికి రండి సార్. మెషిన్ ప్లగ్గు మాత్రం ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో..."

లైను తెగిపోయింది.

తెర మీద ఎర్ర గుర్తు తిరుగుతోంది. ఆమె హెడ్‌సెట్ పీకి పడేసి వంటింట్లోంచి, పడకగదిలోంచి హాల్లోకి పరిగెత్తింది. మరిది రూటరు దగ్గర ఒంగి ఉన్నాడు. ప్లగ్గు చేతిలో ఉంది.

"గేమ్ బాగా స్లో అయింది వదినా. ఒకసారి రీస్టార్ట్ చేశా. రెండు నిమిషాలే."

ఆమె అతని చేతిలోంచి ప్లగ్గు లాక్కుని సాకెట్లో పెట్టింది. లైట్లు ఒక్కొక్కటే, తీరిగ్గా వెలిగాయి. కంప్యూటరు మళ్లీ కలిసేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఫోన్ చేసినవాళ్ల నంబర్లు తెర మీద పూర్తిగా కనబడవు. చివరి రెండంకెలు తప్ప అన్నీ చుక్కలే. టీమ్ లీడర్‌కు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పింది: "ఆయనకి ఎవరైనా వెంటనే ఫోన్ చెయ్యండమ్మా, వెంటనే."

"పై వాళ్లకి చెప్తానక్కా" అంది ఆ అమ్మాయి.

మర్నాడు ఉదయం షిఫ్టు మొదలు పెడదామంటే ఆమె పాస్‌వర్డ్ పని చేయలేదు. పదింటికి టీమ్ లీడర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"రికార్డింగ్ విన్నారక్కా. ప్రమాదం ఉన్న కాల్‌ని మధ్యలో వదిలేశారని రాశారు. పైగా తప్పులు ఆరయ్యాయి. నేను చెప్పి చూశాను..."

"ఆయనెలా ఉన్నాడమ్మా?"

"ఆ వివరాలు చెప్పడానికి లేదక్కా. నువ్విప్పుడు స్టాఫ్ కాదు కదా."

"నువ్వు నాకు చెప్పకపోయినా పర్లేదు. నీకు తెలుసా, లేదా? ఆ ఒక్కటీ చెప్పు."

"కంప్యూటరూ హెడ్‌సెట్టూ తీసుకెళ్లడానికి మనిషొస్తాడక్కా. సంతకం పెట్టి ఇచ్చెయ్యి" అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి. అచ్చం ఆమె నేర్పినట్టుగానే తగ్గించింది.

ఆ ముసలాయన ఏమయ్యాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కొన్ని రోజులు పేపర్లో చిన్న వార్తలన్నీ వెతికింది. ఏమీ కనబడలేదు. కనబడకపోవడం మంచి గుర్తు అని కొన్నాళ్లు, కనబడనంత మాత్రాన ఏం తెలుస్తుందని కొన్నాళ్లు గడిపింది.

ఉద్యోగం పోయిందంటే భర్త పెద్దగా కంగారు పడలేదు. "పోనీలే, ఇన్నాళ్లూ చేశావు. కొన్నాళ్లు రెస్టు తీసుకో" అన్నాడు. ఆ రెస్టు నెల తిరిగేసరికి హాస్టల్ నుంచి వచ్చిన ఫీజు కాగితంతో ముగిసింది. "ఎక్కడైనా చూస్తున్నావా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున ఇద్దరు మనుషులొచ్చి మరిది గదిలో ఏసీ బిగించడం మొదలుపెట్టారు. గోడను తొలుస్తున్న చప్పుడుకు ఇల్లంతా అదిరింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. పిడికిలి పట్టేంత కన్నం, దానిలోంచి అవతలి వీధి వెలుగు కనబడుతోంది. కొత్త రంగు మీద ఎర్రటి ఇటుక దుమ్ము చారలు కట్టింది. భర్త స్టూలు పక్కన నిలబడి, దుమ్ము కింద పడకుండా న్యూస్‌పేపర్ పట్టుకుని ఉన్నాడు.

"రంగు పాడైపోదా?" అంది ఆమె.

"ఏసీకి పైపు పోవాలిగా మరి. ప్యాచ్ వేస్తారట," అన్నాడు, కన్నం వంకే చూస్తూ.

ఆమె తిరిగి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పాలు పొంగిపోయి ఉన్నాయి. తుడిచింది. తర్వాత హాల్లోకి వచ్చి తెల్ల రూటరును పీకి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బీరువాలో తన చీరల కింద పెట్టి తాళం వేసింది. ఇంట్లో పెద్ద గొడవ అవుతుందనుకుంది. అవ్వాలనే కోరుకుంది. అందరూ ఒక్కసారి గొంతులు పెంచితే తను కూడా పెంచొచ్చని, పదమూడేళ్లుగా మింగినవన్నీ ఆ పూట కక్కేయొచ్చని సిద్ధపడి కూర్చుంది.

గొడవేం కాలేదు. పాత డబ్బా ఎక్కడని కూడా ఎవరూ వెతకలేదు. "నెట్ పోయిందన్నయ్యా" అన్నాడు మరిది. "అది ఎప్పటికైనా పోయేదే" అన్నాడు భర్త. సాయంత్రానికి అన్నదమ్ములిద్దరూ బజారుకెళ్లి షోరూములో చూసిన ఎనిమిది యాంటెన్నాల డబ్బా తెచ్చుకున్నారు. అది బిగించి, ఎర్ర లైట్లు వెలిగాక, భర్త సోఫాలో వెనక్కి వాలి, "ముందే ఇది కొనుంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు.

ఆ రోజుతో కథ మారిపోయింది. చుట్టాలెవరైనా వచ్చి ఉద్యోగం సంగతి అడిగితే ఆమె నోరు తెరిచేలోగా అత్తగారే చెప్పేది: "చవగ్గా వస్తుందని ఏదో సబ్బుపెట్టె కొనుక్కొచ్చింది. అది పనిచేయక చక్కటి ఉద్యోగం పోగొట్టుకుంది." వచ్చినవాళ్లు అయ్యో అనేవాళ్లు. కొందరు ఆమెను పక్కకు పిలిచి, అలాంటి వస్తువుల దగ్గర కక్కుర్తి పడకూడదమ్మా అని హితవు చెప్పి వెళ్లేవాళ్లు. ఎదురింటావిడకూ అంతే తెలుసు. చెప్పీ చెప్పీ భర్త కూడా దాన్ని నిజంగానే నమ్ముతున్నాడని ఆమెకు ఒకరోజు అర్థమైంది. అబద్ధమాడుతున్నాడనుకుంటే కోపం వచ్చేది. నమ్ముతున్నాడని తెలిశాక కోపం కూడా రాలేదు.

మూడు నెలలకు ఒక కంటి ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే కౌంటరులో పని దొరికింది. జీతం పాత దానిలో సగం. రెండు బస్సులు మారి వెళ్లాలి. పక్కన కూర్చునే అమ్మాయి కూతురి వయసుది, "ఆంటీ, టోకెన్ నంబరు గట్టిగా పిలవాలి, వాళ్లకి వినపడట్లేదు" అని నేర్పుతుంటుంది. గట్టిగా పిలవడం ఆమెకు ఎంతకీ చేతకావడం లేదు.

సెలవులకు కూతురు ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు పడకగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. కూతురు ఉన్నట్టుండి, "అమ్మా, ఏమనుకోకు. ఆ రూటరు దగ్గర నువ్వు కొంచెం ఎక్కువ పెట్టుండాల్సింది. నా ఫీజు కోసమే కదా తగ్గించావు? నాకదే బాధగా ఉంటుంది" అంది.

ఆమె చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. ఎవరు చెప్పారని అడగలేదు. అందరూ చెప్పి ఉంటారు. మంచం మీద కూర్చుని, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చెప్పింది. మెకానిక్‌ని పంపేయడం, నేల మీది తీగ, రబ్బరు బ్యాండు వేసిన చుట్ట, సీరియల్లో ఏడుపు, ఆ ముసలాయన, గుడ్డ పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య. ఇంతమందిలో ఒక్క మనిషికి ఆ మాటలు చెప్పడం అదే మొదలు. చెప్తున్నంతసేపూ గొంతు మాత్రం పెరగలేదు.

కూతురు కళ్లార్పకుండా విన్నది. మధ్యలో ఒకసారి తల్లి చెయ్యి పట్టుకుంది. అంతా అయ్యాక చెయ్యి వదిలి, "మరి ఆ ఆదివారమే నువ్వెందుకు గట్టిగా అడగలేదమ్మా?" అంది. "నీ జీతమేగా. నీ పనేగా. మెకానిక్ ఎదురుగానే ఉన్నాడుగా. కన్నం పెట్టమని నువ్వే చెప్పేస్తే ఏమయ్యేది?"

తప్పు పడుతూ అడగలేదు. ఆ పిల్లకు నిజంగానే అర్థం కాక అడిగింది.

"ఏమో," అంది తల్లి, దుప్పటి అంచులు కలుపుతూ. హాల్లోంచి అత్తగారు టీ పెట్టమని కేకేసింది. కూతురు లేచి, "నేను పెడతాలే, నువ్వు కూర్చో" అని వంటింట్లోకి వెళ్లింది. ఆమె మిగిలిన దుప్పటి కూడా మడతపెట్టి, పొద్దున ఆసుపత్రికి కట్టుకోవాల్సిన చీర తీసి ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది.